"విజయవాడ తీసుకెళ్లండి" అనే ముందు లెక్క చూపించండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది ఈ మాట వినే ఉంటారు. "మా వల్ల కాదు, విజయవాడ తీసుకెళ్లండి." జగ్గయ్యపేట వైపు వాళ్లకైతే ఒక్కోసారి "ఖమ్మం తీసుకెళ్లండి" అంటారు. జ్వరానికి అంటారు, కాన్పుకి అంటారు, పాము కాటుకైతే ఎక్కువగా అంటారు. ఇవాళ నేను రాసేది ఆ పాము కాటు గురించే. అయితే అసలు సంగతి పాము కాదు. ఆ మాట అనాలా వద్దా అని ఎవరు, ఎలా తేలుస్తున్నారు అన్నది.

మా బాబాయి సంగతితో మొదలుపెడతాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. రాస్తే గొడవ ఆ ఒక్క ఆసుపత్రి దగ్గరే ఆగిపోతుంది.

మిరప కోతల రోజులు. పొద్దుగూకే వేళ, కాయ మూటలు కట్టి గట్టుకి చేరేస్తున్నారు. మూట ఎత్తబోతే కాలి మడమ దగ్గర కాటు పడింది. రక్తపింజర. ముఠాలో వాళ్లు చూశారు కూడా. మోకాలి కింద తువ్వాలుతో బిగించి కట్టారు (తప్పు, దాని గురించి తర్వాత చెబుతాను). ఆటోలో దారిలో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టరమ్మ ఉన్నారు. చూశారు, టీటీ ఇంజెక్షన్ చేయించారు, చీటీ రాశారు, "విజయవాడ" అన్నారు. బండి దొరికేసరికి ఒక గంట, దారిలో గంటన్నర. పెద్దాసుపత్రికి చేరేసరికి చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. తర్వాత మూత్రం ఆగింది. డయాలసిస్ చేశారు. బాబాయి బతికాడు. మూడు వారాలకి ఇంటికొచ్చాడు. ఆ ఏడు కోతల కూలి పోయింది, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు నెత్తిమీద మిగిలింది, మా తమ్ముడు ఇంటర్ రెండో ఏడు మానేశాడు.

చాన్నాళ్ల తర్వాత తెలిసింది, ఆ మొదటి ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఆ రోజు పాము మందు ఉందని.

కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. డబ్బులు అడగలేదు, కులం పేరు పెట్టి మాట్లాడలేదు, బాబాయిని ముట్టుకుని చూశారు. మరి మందు ఎందుకు పెట్టలేదు? తర్వాత ఒకసారి వేరే పని మీద వెళ్లినప్పుడు ఆవిణ్ణే అడిగాను. "రియాక్షన్ వస్తే నా దగ్గర ఎవరున్నారు నాన్నా, ఒక నర్సు, నేను. ఇక్కడ పోతే ఏం చెప్పాలి?" అన్నారు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అందులో నిజం ఉంది. మందు పెట్టాక రోగి ఆ మంచం మీద పోతే అది ఆవిడ ఖాతాలో పడుతుంది. జనం వచ్చి అద్దాలు పగలగొడతారు, పైనుంచి మెమో వస్తుంది. అదే రోగి కీసర టోల్‌గేటు దాటాక ఆటోలో పోతే? ఎవరి ఖాతాలోనూ పడదు. "దారిలో పోయాడు" అంటారు, అంతే. ఒక వైపు ప్రమాదం కంటికి కనపడుతుంది, రెండో వైపు ప్రమాదం రోడ్డు మీద కలిసిపోతుంది. ఇలా ఉన్నప్పుడు ఎంత మంచి డాక్టరైనా రోడ్డు వైపే చెయ్యి చూపిస్తారు.

దీనికి మందు ధర్నా ఒక్కటే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకొకటి కూడా ఉందనుకుంటున్నాను. దాన్ని వైద్యంలో డెసిషన్ ఎనాలిసిస్ అంటారు. తెలుగులో నిర్ణయ విశ్లేషణ అనొచ్చు. పేరు చూసి భయపడకండి, మీకు ఇది తెలుసు. మిరప తోటలో పురుగు కనపడగానే మందు కొట్టవద్దని వ్యవసాయాఫీసరు చెబుతాడు కదా. మొక్కకి ఇన్ని పురుగులు దాటితేనే కొట్టు, అంతకంటే తక్కువ ఉంటే మందు ఖర్చు పురుగు చేసే నష్టం కంటే ఎక్కువ అంటాడు. దాన్ని నష్టపరిమితి అంటారు. 2021లో నల్ల తామర పురుగు మన మిరపని ఊడ్చేసినప్పుడు ఆ లెక్క పని చేయలేదు, అది వేరే కథ. కానీ లెక్క పద్ధతి అదే. ఎంత అనుమానం ఉంటే చెయ్యి పెట్టాలి, ఎంత కంటే తక్కువైతే ఆగాలి.

వైద్యంలో ఈ పద్ధతిని అమెరికాలో స్టీఫెన్ పాకర్, జెరోమ్ కాసిరర్ అనే ఇద్దరు డాక్టర్లు 1975లో ఒకసారి, 1980లో ఇంకా వివరంగా రాశారు. వాళ్లు చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. జబ్బు ఉన్నవాడికి మందు ఇస్తే కలిగే లాభం ఒక పక్క పెట్టు. జబ్బు లేనివాడికి అనవసరంగా ఇస్తే కలిగే నష్టం ఇంకో పక్క పెట్టు. నష్టాన్ని, లాభనష్టాలు రెండూ కలిపిన మొత్తంతో భాగించు. వచ్చిన అంకె నీ గీత. రోగికి జబ్బు ఉండే అవకాశం ఆ గీత దాటితే మందు ఇవ్వు, దాటకపోతే ఆగు, గీత దగ్గరగా ఉంటే పరీక్ష చెయ్యి. అంతే. డాక్టరు మనసులో ఉన్న భయం, ధైర్యం, అలవాటు అన్నీ కాగితం మీదికి వస్తాయి. వచ్చాక వాటి గురించి మాట్లాడుకోవచ్చు. మనసులో ఉన్నంతసేపు మాట్లాడలేం.

ఇప్పుడు దీన్ని నందిగామ, జగ్గయ్యపేట వైపు తెద్దాం.

ముందు ఇది ఎంత పెద్ద సంగతో చూడండి. దేశమంతా ఇళ్లకి తిరిగి మరణాల కారణాలు సేకరించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది, మిలియన్ డెత్ స్టడీ అంటారు. 2011లో అచ్చయిన దాని లెక్క ప్రకారం 2005లో దేశంలో సుమారు 46 వేల మంది పాము కాటుతో చనిపోయారు. జనాభా లెక్కన చూస్తే రాష్ట్రాల్లో అందరికంటే ఎక్కువ రేటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, లక్షకి 6.2. చనిపోయినవాళ్లలో 97 శాతం పల్లెవాళ్లు. 77 శాతం మంది ఆసుపత్రి బయటే పోయారు. 2020లో వచ్చిన ఇంకో లెక్క 2000 నుంచి 2019 వరకు 12 లక్షల మంది అంటోంది. ఆ అంకెల్లో తండా ఎంత, యానాది వాడ ఎంత, ఎరుకల వాడ ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేదు. కానీ పత్తి తీసేది ఎవరు, మిరప కోసేది ఎవరు, వరి గట్ల మీద ఎలుకలు పట్టేది ఎవరు, నేల మీద పడుకునేది ఎవరు అని మిమ్మల్ని నేను అడగక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట మధ్యలో చెప్పాలి. ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉండే ఆ మందు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా? తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగు పాముల విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం చాలా ఏళ్లుగా తమిళనాడులోని ఇరుల ఆదివాసుల సహకార సంఘం నుంచే వస్తోంది. 1978లో పెట్టుకున్న సంఘం అది. పాముని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ ఇరుల వాళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లకి, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కాబట్టి ఈ మందుని ఎవరో మనకి దయతో ఇస్తున్నట్టు చూడకండి. దాని మొదటి చుక్క ఆదివాసీ చేతిలోంచే పడుతోంది. చివరి చుక్క ఆదివాసీ నరంలోకి ఎందుకు చేరడం లేదు అన్నదే ప్రశ్న.

సరే, లెక్క. ఆసుపత్రికి కాటు పడిన మనిషి వచ్చాడు. విషం ఎక్కిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. అన్ని కాట్లలోనూ విషం దిగదు, కరిచింది విషం లేని పామైనా కావచ్చు. పింజర కాటుకి ఒక పేదవాడి పరీక్ష ఉంది. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డ కట్టకపోతే విషం పని చేస్తున్నట్టే. కరెంటు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. ఈ పరీక్ష ఎంత నమ్మదగిందో వేర్వేరు దేశాల అధ్యయనాలు కలిపి చూసిన ఒక సమీక్ష 2021లో వచ్చింది. రక్తం నిజంగా చెడినవాళ్లు వంద మంది ఉంటే 84 మందిని పట్టుకుంటుంది. చెడనివాళ్లు వంద మంది ఉంటే 91 మందిని సరిగ్గా వదులుతుంది.

ఈ అంకెలు చదివి "బాగానే ఉంది" అని పక్కన పెట్టేస్తే పరిశోధన పుస్తకంలోనే ఉండిపోతుంది. దాన్ని మంచం దగ్గరికి తెద్దాం. లెక్క కోసం ఒక ఊహ చేస్తున్నాను, ఇది నా ఊహే, మన ఏరియా అంకె కాదు. అనుమానంగా వచ్చిన వంద మందిలో 40 మందికి నిజంగా రక్తం చెడింది అనుకోండి. ఆ 40లో పరీక్ష 34 మందిని పట్టుకుంటుంది, ఆరుగురిని వదిలేస్తుంది. మిగతా 60లో 55 మందికి సరిగ్గానే "బాగుంది" అంటుంది, ఐదుగురికి అనవసరంగా "చెడింది" అంటుంది. ఇప్పుడు చూడండి. గొట్టంలో రక్తం గడ్డ కట్టనివాళ్లు మొత్తం 39 మంది, వాళ్లలో 34 మందికి నిజంగానే విషం. అంటే వందకి 87. గడ్డ కట్టినవాళ్లు 61 మంది, వాళ్లలో కూడా ఆరుగురికి విషం ఉంది. అంటే పదిమందిలో ఒకరు.

ఈ రెండు అంకెలతో రెండు పనులు తేలిపోతాయి. ఒకటి, పరీక్ష బాగుందని వెంటనే ఇంటికి పంపకూడదు. పదిలో ఒకరు అంటే ఇంటికి పంపేంత చిన్న అంకె కాదు, మందు పోసేసేంత పెద్ద అంకె కూడా కాదు. అందుకే పరీక్ష మళ్లీ చెయ్యాలి. మన దేశపు వైద్య నియమావళి కూడా అదే చెబుతుంది. మళ్లీ మళ్లీ పరీక్ష, 24 గంటలు గమనింపు. చాలామంది ఇదేదో ఆలస్యం చేయడానికి పెట్టిన రూలు అనుకుంటారు. దాని వెనక ఉన్నది ఈ లెక్కే.

రెండోది డాక్టరమ్మ భయం. రక్తం గడ్డ కట్టలేదు, అవకాశం వందకి 87. గీత ఎక్కడుంది? మందు ఇస్తే లాభం తొమ్మిది పాళ్లు, అనవసరంగా ఇస్తే నష్టం ఒక పాలు అనుకుంటే గీత వందకి 10 దగ్గర. "కాదు, నా దగ్గర ఒకే నర్సు ఉంది, నష్టం నాలుగు పాళ్లు వేసుకో" అన్నారనుకోండి. నాలుగుని పదమూడుతో భాగిస్తే గీత 31 దగ్గరికి వస్తుంది. "అసలు లాభమూ నష్టమూ సమానమే" అని మొండికేసినా గీత 50 దాటదు. 87 ఎక్కడ, 50 ఎక్కడ! భయాన్ని ఎంత పెంచి వేసినా జవాబు మారలేదు. అంకెలు అటూ ఇటూ జరిపి జవాబు మారుతుందేమో చూడటమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. పంచాయితీలో పెద్దమనిషి "నీ మాటే నిజమనుకుందాం, అప్పుడు మాత్రం ఏమవుతుంది?" అని అడిగినట్టు ఉంటుంది.

భయం మాత్రం ఉత్తది కాదు. ఈ మందు గుర్రం రక్తం నుంచి వచ్చింది, మన ఒంటికి పడకపోవచ్చు. శ్రీలంకలో 1007 మంది మీద జరిగి 2011లోనే అచ్చయిన ఒక పరిశోధనలో వందలో 75 మందికి ఏదో ఒక రియాక్షన్ వచ్చింది. వాళ్లు వాడింది మన దేశంలో తయారైన మందే. ఆ పరిశోధన అక్కడితో ఆగలేదు. మందుకి ముందు చర్మం కింద కొద్ది మోతాదులో అడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు మొదటి గంటలో 43 శాతం, రెండు రోజుల్లో మొత్తం 38 శాతం తగ్గాయి. ముందుగా ఇచ్చిన స్టెరాయిడ్ గానీ, అలర్జీ ఇంజెక్షన్ గానీ తగ్గించలేదు. పైగా స్టెరాయిడ్ కలిపితే అడ్రినలిన్ చేసిన మేలు కూడా పోయింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. నేను చూసినంతలో మన దగ్గర ఇప్పటికీ ముందుగా పొడిచేది ఆ రెండు ఇంజెక్షన్లే. పరిశోధన అచ్చయి ఇన్నేళ్లయింది, శ్రీలంక ఏమైనా చంద్రమండలమా? అడ్రినలిన్ ఖరీదైనదీ కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకి, బీపీ ఉన్న పెద్దవాళ్లకి ఆలోచించి ఇవ్వాలి, అది డాక్టర్ల పని, అందులో మనం వేలు పెట్టొద్దు. కానీ లెక్కలో ఏం జరిగిందో చూడండి. నష్టం తగ్గింది, కాబట్టి గీత కిందికి దిగింది. ఒక పరిశోధన వచ్చిందంటే ఏదో ఒక గీత జరగాలి. ఏ గీతా జరగకపోతే ఆ పరిశోధన మన ఆసుపత్రికి ఇంకా రాలేదని అర్థం.

ఇప్పుడు రోడ్డు సంగతి. పుస్తకాల్లో గీసే కొమ్మల బొమ్మలో సాధారణంగా రెండే కొమ్మలు ఉంటాయి. మందు ఇవ్వు, ఇవ్వకు. మన బొమ్మలో మూడోది ఉంది. పంపించెయ్. నందిగామ నుంచి విజయవాడ యాభై కిలోమీటర్ల చిల్లర. జగ్గయ్యపేట నుంచి ఎనభై దాకా. హైవే మీదే కదా అనిపిస్తుంది, కానీ మనం హైవే పక్కన ఉండం. చందర్లపాడు లోపల్నుంచి, వత్సవాయి లోపల్నుంచి హైవే ఎక్కడానికే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. మునేరు పొంగిన రోజు అసలు అడగొద్దు. పాము మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, అప్పటికే కిడ్నీకి జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు. ఒక్కో వయల్ సుమారు ఆరు మిల్లీగ్రాముల రక్తపింజర విషానికి సరిపోతుంది. మొదటి డోసు పది వయళ్లు. ఆ పది వయళ్లు రోగి బయలుదేరక ముందు ఎక్కాయా, విజయవాడలో ఎక్కాయా అన్నదే తేడా. "పంపించొద్దు" అని నేను అనడం లేదు. బాబాయిని ఎలాగూ విజయవాడ పంపాల్సిందే, డయాలసిస్ అక్కడే ఉంది. మొదటి డోసు ఎక్కించి పంపడం వేరు, చీటీ రాసి పంపడం వేరు. చీటీ కూడా ఒక నిర్ణయమే. దానికీ చావుల లెక్క ఉంటుంది, అది ఎవరూ రాయరు గానీ.

కట్లపాము, తాచు అయితే లెక్క ఇంకోలా ఉంటుంది. రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది, ఆ పరీక్ష అక్కడ పనికిరాదు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, ఊపిరి తగ్గుతుంది. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి అని లేచి, రెప్పలు ఎత్తలేకపోతుంటే కాటు గుర్తు కనపడకపోయినా కట్లపాము అనుకోవాలి. అలాంటివాళ్లని పంపేటప్పుడు బండిలో ఊపిరి కొట్టే సంచీ, దాన్ని నొక్కే మనిషి లేకపోతే దారిలోనే అయిపోతుంది.

ఇప్పుడు మన ఇంటి కొమ్మ. 77 శాతం ఆసుపత్రి బయటే పోయారని చెప్పాను కదా. ఆ పాపమంతా డాక్టర్ల మీద వేసేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. బిగించి కట్టడం, కోయడం, మంత్రం కోసం ఇంకో ఊరు తీసుకెళ్లడం, వీటితో గంటలు పోతున్నాయి. మందు తెలిసిన పెద్దల్ని అవమానించమని నేను అనను. మా తండాలో ఒక తాతని అడిగితే "నా దగ్గర బతికినవాళ్లు బతికే కాట్లు పడినవాళ్లే, నాకు తెలుసు" అన్నాడు. అంత నిజాయితీ పెద్ద డిగ్రీలున్నవాళ్లలో కూడా తక్కువ. ఇప్పుడు ఆయన మనిషిని చూసి, నీళ్లు చల్లి, "ఆసుపత్రికి పదండి, నేనూ వస్తా" అంటున్నాడు. ఆయన మాట తండా వింటుంది. మీ ఊళ్లోనూ అలాంటి పెద్దాయన ఉంటే ముందు ఆయనతోనే మాట్లాడండి.

చెయ్యాల్సింది కొంచెమే. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్రతోనో అట్టతోనో ఊతం కట్టాలి. బిగించి కట్టకూడదు. కడియాలు, గాజులు, ఉంగరాలు, మెట్టెలు వెంటనే తీసేయాలి. వాపు వస్తే అవి లోపలికి దిగిపోతాయి, మన ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం. నడిపించకూడదు. పాముని చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు, రెండో కాటు పడుతుంది. 108కి ఫోన్ చెయ్యాలి. ఆలస్యమవుతుందంటే?

దీనికీ పరిశోధన ఉంది. నేపాల్ తెరాయిలో, దమక్ దగ్గర పల్లెల్లో మోటార్ సైకిళ్లున్న కుర్రాళ్లని తయారు చేశారు. కాటు పడిన మనిషిని బండి నడిపేవాడికి, వెనక కూర్చున్నవాడికి మధ్యలో కూర్చోబెట్టి నేరుగా చికిత్స కేంద్రానికి తీసుకెళ్లడం, ఊళ్లో చెప్పడం, ఇవే చేసింది. అంతకుముందు కాటు పడినవాళ్లలో 10.5 శాతం చనిపోతుంటే అది 0.5 శాతానికి పడిపోయింది. కొత్త మందు లేదు, కొత్త బిల్డింగు లేదు. మన దగ్గర బండి లేని వీధి ఉందా? నేపాల్‌లోనే ఇంకో అధ్యయనం దోమతెర కింద పడుకున్నవాళ్లకి పాము కాటు తక్కువని చూపించింది. పరుపు కిందికి దోపిన దోమతెర ఖరీదెంత?

ఇక్కడిదాకా వచ్చి, ఈ పద్ధతిని గుడ్డిగా మోయవద్దని కూడా చెప్పాలి. నాకు రెండు అనుమానాలున్నాయి.

అంకెలు ఎవరివి? శ్రీలంకవి, నేపాల్‌వి, తమిళనాడు పాముల విషంతో చేసిన మందువి. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మన రక్తపింజరకి పది వయళ్లు సరిపోతాయా, ఇరవై కావాలా అన్నది మన ఆసుపత్రుల్లో లెక్క రాస్తేనే తెలుస్తుంది. 2024 మార్చిలో కేంద్రం పాము కాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, 2030 నాటికి చావుల్ని సగానికి తగ్గిస్తామని. అదే ఏడు నవంబర్లో ప్రతి కాటునీ, ప్రతి చావునీ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడమని రాష్ట్రాలకి రాసింది. దారిలో ఆటోలో పోయిన మనిషి అందులో నమోదవుతాడా? మనం పట్టించుకుంటేనే అవుతాడు.

రెండో అనుమానం ఇంకా లోతైంది. నష్టం గడిలో ఏం రాస్తారు? చావు రాస్తారు, కిడ్నీ రాస్తారు, మంచం రోజులు రాస్తారు. మా తమ్ముడు మానేసిన చదువు రాస్తారా? అడ్వాన్సు తీర్చడానికి పిన్ని వెళ్లిన రెండో ఏడు కోతలు రాస్తారా? ఇలాంటి లెక్కలతోనే ప్రభుత్వం రేపు "ఈ పీహెచ్‌సీకి ఏడాదికి నాలుగు కాట్లే వస్తున్నాయి, మందు నిల్వ పెడితే దండగ" అని కూడా అనగలదు. వైద్యానికి ఖర్చు, ఫలితం లెక్కలు వేయడానికి కేంద్రంలో 2017 నుంచి ఒక విభాగమే ఉంది. లెక్క మంచిదే. లెక్క వేసే బల్ల దగ్గర కుర్చీ ఎవరికుంది అన్నదే నా గొడవ. మనది ఏజెన్సీ కాదు. ఐదో షెడ్యూలు వర్తించదు, ఇక్కడ ఐటీడీఏ లేదు, పెసా గ్రామసభ లేదు. మైదానంలో ఉన్న ఎస్టీలం కాబట్టి కొండమీది వాళ్లకి దక్కే ఆ కాస్త తలుపు కూడా మనకి లేదు. అందుకే కాగితం మీద లెక్క అడగడం మనకి ఇంకా అవసరం.

ఏం అడగాలి? మీ పీహెచ్‌సీకి వెళ్లండి, నలుగురైదుగురు కలిసి, అరవకుండా. పాము మందు ఇవాళ ఎన్ని వయళ్లున్నాయి, ఎక్స్‌పైరీ ఎప్పుడు? అడ్రినలిన్ ఉందా? రక్తం పరీక్షకి గాజు గొట్టాలు ఉన్నాయా, ప్లాస్టిక్‌వా? ప్లాస్టిక్ అయితే పరీక్ష తప్పు చెబుతుంది, సబ్బు పెట్టి కడిగిన గాజైనా అంతే. ఊపిరి సంచీ ఉందా? రాత్రిపూట మొదటి డోసు ఎవరు మొదలుపెడతారు? చివరగా, రిఫర్ చేసిన ప్రతి పాము కాటుకీ ఏ టైముకి వచ్చాడు, పరీక్ష ఏం చూపింది, ఎన్ని వయళ్లు ఎక్కాక పంపారు, తర్వాత ఏమయ్యాడు అని ఒక రిజిస్టర్ ఉందా? చెప్పకపోతే 2005 చట్టం కింద సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని.

మీలో నర్సింగ్ చదివేవాళ్లు, ఫార్మసీ చదివేవాళ్లు ఉన్నారు. ఆ కొమ్మల బొమ్మని తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద మీరు గీయగలరు. గడ్డ కట్టలేదు అయితే ఇటు, గడ్డ కట్టింది అయితే ఇటు, రెప్పలు వాలితే ఇటు. డాక్టర్లకి చూపించి తప్పులు దిద్దించండి. మందు మొదలుపెట్టిన డాక్టరుకి ఆ అట్ట రేపు రక్షణ కూడా అవుతుంది. "నేను లెక్క ప్రకారమే చేశాను" అని చూపించుకోవచ్చు. అద్దాలు పగలగొట్టడానికి వచ్చేవాళ్లలో మన కుర్రాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్లకీ ఆ అట్ట చూపించాలి. రియాక్షన్ వచ్చి మనిషి పోవడం కూడా జరగొచ్చు, లెక్క సరిగ్గా వేసినా జరగొచ్చు. ఆ రోజు మనం డాక్టరు పక్కన నిలబడగలమా? ఇది నన్ను నేను కూడా అడుగుతున్నాను, బాబాయి విషయంలో నాకు ఎంత కోపం వచ్చిందో గుర్తుంది కాబట్టి.

నేను గీసిన అట్ట తీసుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చాలాసేపు చూశారు. రెండు చోట్ల పెన్నుతో దిద్దారు. స్టోర్‌లో గాజు గొట్టాలు లేవని, ఇండెంట్ పెడతానని అన్నారు. పోయిన వారం ఫోన్ చేస్తే ఇంకా రాలేదు. మళ్లీ వెళతాను.

మా తండాలో రాత్రి ఎప్పుడు పిలిచినా బండి తీసే ముగ్గురి పేర్లు, నంబర్లు వాటర్ ట్యాంకు గోడ మీద రాశాం. ముగ్గురిలో ఒకడు మా తమ్ముడు. కోతలప్పుడు ఇద్దరు ఊళ్లో ఉండరు, అందుకని నాలుగో పేరు కోసం చూస్తున్నాం.